క్లారినెట్టుకు గాజు మౌత్‌పీసు కొనవచ్చునా?

మన హాస్టలులో బ్యాండు మేళం ఇళ్ల నుండి వచ్చిన పిల్లలు ప్రతి బ్యాచిలోనూ ఇద్దరు ముగ్గురు ఉంటూనే ఉన్నారు. మేమూ అలా వచ్చినవాళ్లమే. వేసవి సెలవులు ఇవ్వగానే తోటి విద్యార్థులు ఇళ్లకు పోయి ఆటల్లో పడితే, మేము కొలతలు సరిపోని ఎర్రకోట్లు తొడుక్కుని గుడివాడ, బందరు, అవనిగడ్డ పెళ్లిళ్లలో నాన్నల వెనుక, మామయ్యల వెనుక నడిచాము. ఒకరు సైడు డ్రమ్ము, ఒకరు తాళాలు, చెయ్యి తిరిగాక ఒకరిద్దరం క్లారినెట్టు. హాస్టలు ట్రంకు పెట్టెలో పుస్తకాల కింద రీడ్ల డబ్బా ఒకటి ఉండేది.

పోయిన వార్షికోత్సవానికి మేము వచ్చినప్పుడు ఇంటర్ చదువుతున్న తమ్ముడొకడు భోజనాల దగ్గర మమ్మల్ని పక్కకు పిలిచాడు. "అన్నా, నాన్నకి క్రిస్టల్ మౌత్‌పీసు కొనాలని ఉంది. అమ్మ చీటీ పాడి డబ్బు తెస్తానంటోంది. మంచిదేనా?" అన్నాడు. ఆ రోజు హడావుడిలో "చూసి చెబుతాంలే" అని తప్పించుకున్నాము. ఇంటికి వెళ్లాక లెక్క వేసుకుంటే సిగ్గు వేసింది. బయటి దేశంలో తయారైన మంచి గాజు మౌత్‌పీసు అంటే మా లెక్కలో ఒక క్లారినెట్టు వాయించే మనిషికి పది పన్నెండు పెళ్లిళ్ల కూలి. మూఢం వచ్చిందంటే నెలల తరబడి పెళ్లిళ్లే ఉండవు. డీజేలు వచ్చాక ఉన్న పెళ్లిళ్లూ తగ్గాయి. అంత డబ్బు పెట్టేవారికి "చూసి చెబుతాం" అనడం మర్యాద కాదు. అందుకే మాకు తెలిసినది ఇక్కడ వివరంగా రాస్తున్నాము. బ్యాండుతో సంబంధం లేని తమ్ముళ్లు కూడా చదవవచ్చు. ఇందులో పదో తరగతి, ఇంటర్ భౌతికశాస్త్రం చాలా ఉంది.

ముందుగా ఒక సంగతి చెప్పాలి. మాలో ఒకరి నాన్నగారి దగ్గర గాజు మౌత్‌పీసు ఉండేది. ఎవరో పెద్ద వాయిద్యగాడి దగ్గర సెకండ్ హ్యాండులో కొన్నది. దాన్ని ఆయన జరీ అంచు గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకునేవారు. ఒక వైశాఖంలో దివిసీమలో పెళ్లి ఊరేగింపు. రాత్రి పదకొండు దాటింది, కారు ముందు కుర్రాళ్లు డ్యాన్సు చేస్తున్నారు. రీడు మార్చుకుందామని ఆయన మౌత్‌పీసు చేతిలోకి తీశారు. ఎవరిదో మోచెయ్యి తగిలింది. సిమెంటు రోడ్డు మీద పడ్డ చప్పుడు డ్రమ్ముల్లో ఎవరికీ వినబడలేదు. కొన దగ్గర బియ్యపు గింజలో సగమంత ముక్క ఊడింది. అంతే, అది ఇక పలకలేదు. రెండో మౌత్‌పీసు లేదు. ఆ రాత్రి ఆయన చేతిలో వట్టి క్లారినెట్టు పట్టుకుని బ్యాండు వెంట పెళ్లివారి ఇంటి దాకా నడిచారు. పాట ట్రంపెట్టు మీద నడిచింది. ఆ సీజనులో మిగిలిన ముహూర్తాలకు అరువు మౌత్‌పీసుతో వాయించారు, అది ఆయన నోటికి కుదరలేదు. కొడుకు ఇంటర్ ఫీజు ఆలస్యంగా కట్టవలసి వచ్చింది.

ఆ ఒక్క సంఘటనతో గాజు చెడ్డదని తేల్చేయడం కూడా న్యాయం కాదు. అది అంతకుముందు చాలా ఏళ్లు బాగానే పలికింది. కాబట్టి మొదటి నుండి చూద్దాం.

క్లారినెట్టును 1700 ప్రాంతంలో జర్మనీలోని న్యూరెంబర్గులో యోహాన్ క్రిస్టఫ్ డెన్నర్ అనే వాద్య నిర్మాత రూపొందించాడు. మన దక్షిణాదికి అది సైనిక బ్యాండులతో వచ్చింది. 19వ శతాబ్దంలోనే తంజావూరు ప్రాంతపు నాట్య మేళాల్లో చేరింది. తిరుచిరాపల్లికి చెందిన ఏ.కె.సి. నటరాజన్ గారు దాని మీద కర్ణాటక సంగీతాన్ని కచేరీ స్థాయిలో పలికించి 2008లో సంగీత కళానిధి, 2022లో పద్మశ్రీ అందుకున్నారు. మన బ్యాండు వాళ్ల వాద్యాలు మాత్రం ఎక్కువగా ఉత్తరప్రదేశ్ లోని మీరట్ నుండి వస్తాయి. అక్కడ జాలీ కోఠీ అనే పేట మొత్తం బ్యాండు సామాన్ల తయారీయే. 1885లో మొదలైన నాదిర్ అలీ కంపెనీ అక్కడిదే. పాత మేళాల పెట్టెల్లో వెతికితే ఆ ఊరి ముద్ర కనబడుతుంది.

ఇప్పుడు పాఠంలోకి వద్దాం. ఇంటర్ పుస్తకంలో ఒక చివర మూసిన గొట్టం గురించి చదువుకుంటాం. క్లారినెట్టు అలాంటి గొట్టమే. నోట్లో పెట్టుకున్న చివర రీడు దాదాపు మూసి ఉంచుతుంది, రెండో చివర తెరిచి ఉంటుంది. అన్ని వేళ్లూ మూసి ఊదితే మామూలు బి ఫ్లాట్ క్లారినెట్టులో సెకనుకు సుమారు 147 కంపనాల స్వరం వస్తుంది. మూసిన గొట్టంలో తరంగదైర్ఘ్యం గొట్టం పొడవుకు నాలుగు రెట్లు. ధ్వని వేగం సెకనుకు 346 మీటర్లు అనుకుంటే, 346ను 147తో, మళ్లీ నాలుగుతో భాగించండి. దాదాపు 59 సెంటీమీటర్లు వస్తుంది. స్కేలు పెట్టి క్లారినెట్టు కొలవండి, లెక్క ఎంత దగ్గరగా ఉందో మీకే తెలుస్తుంది. మూసిన గొట్టంలో బేసి సంఖ్య అనుస్వరాలే బలంగా వస్తాయి కనుక, వెనుక బొటనవేలి మీట నొక్కగానే స్వరం మూడు రెట్లవుతుంది. అంటే కింద 'స' పలికితే పై స్థాయి 'ప' పలుకుతుంది. సన్నాయి అలా కాదు. దాని గొట్టం శంకువులా విచ్చుకుంటుంది, అందుకే గట్టిగా ఊదితే అదే స్వరం పై స్థాయిలో వస్తుంది. సన్నాయి నేర్చినవారు క్లారినెట్టు పట్టిన కొత్తలో వేళ్లు తడబడడానికి కారణం ఇదే.

ఈ పనంతా మొదలయ్యేది మౌత్‌పీసులో. దాని అడుగు భాగంలో రీడు ఆనే చదును ఉంటుంది. ఆ చదును కొన వైపు వెళ్లేకొద్దీ మెల్లగా వంగి రీడుకు దూరమవుతుంది. కొన దగ్గర రీడుకూ మౌత్‌పీసుకూ మధ్య ఉన్న సందు సుమారు ఒక మిల్లీమీటరు, కొన్నిటిలో 1.2 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. వంపు పొడవు రెండు సెంటీమీటర్ల లోపే. మనం ఊదినప్పుడు రీడు ఆ సందును సెకనుకు వందల సార్లు మూసి తెరుస్తూ గాలిని ముక్కలు ముక్కలుగా లోపలికి పంపుతుంది. సందు ఎంత, వంపు ఎంత పొడవు, రెండు అంచులూ సమానమేనా, లోపలి గది ఎంత, లోపలి కప్పు ఎంత ఎత్తు: మౌత్‌పీసు గుణమంతా ఈ ఐదింటిలో ఉంది. వెంట్రుకలో సగం మందం తేడా వచ్చినా వాయించేవాడి పెదవికి తెలిసిపోతుంది.

మరి దేనితో చేశారన్నది? దీని మీదే మన మేళాల్లో తగవులు జరుగుతాయి. "గాజుది గంటలా మోగుతుంది" అంటారు పెద్దలు. అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జాన్ బ్యాకస్ అనే భౌతికశాస్త్రవేత్త క్లారినెట్టు గోడల కంపనాన్ని కొలిచి 1964లో ప్రచురించాడు. గోడలు కంపించే మాట నిజమేగానీ, నిలకడగా సాగే స్వరపు నాదం మీద వాటి ప్రభావం చెవికి అందనంత తక్కువని తేల్చాడు. మోగేది లోపలి గాలి స్తంభం. గోడ పని ఆ గాలికి ఆకారం ఇవ్వడం, ఆ ఆకారాన్ని నిలబెట్టడం. కనుక ఒకే కొలతలతో ఒకటి గాజులో, ఒకటి ఎబొనైటులో చేస్తే వినేవాడికి తేడా తెలియడం కష్టం.

అలాగైతే పెద్దల మాట అబద్ధమా? కాదు. వాళ్లు విన్నది నిజమే, దానికి చెప్పిన కారణం వేరు. మౌత్‌పీసు పై పళ్లకు ఆని ఉంటుంది. గట్టి గాజు నుండి కంపనం పళ్లకు, దవడ ఎముకకు, అక్కడి నుండి చెవిలోకి నేరుగా చేరుతుంది. ఆ గణగణ వాయించేవాడిది. పందిట్లో కూర్చున్నవారికి అది అందదు. రెండో కారణం, గాజు మౌత్‌పీసులు ఎక్కువగా వేరే లోపలి ఆకారంతో చేస్తారు, ఆ ఆకారపు ప్రభావాన్ని మనం గాజు ఖాతాలో వేస్తాము. మేము హాస్టలు వరండాలో ఒకసారి పరీక్షించాము. ఒకరు తలుపు వెనుక నిలబడి రెండు మౌత్‌పీసులు మార్చి మార్చి ఒకే పల్లవి వాయించారు, మిగతావాళ్లం ఏది ఏదో కాగితం మీద రాశాము. వాయించినవాడు "ఇంత తేడా తెలియడం లేదా!" అని ఆశ్చర్యపోయాడు. మా కాగితాలు చూస్తే బొమ్మా బొరుసూ వేసినట్టే ఉన్నాయి. మీరు కొనేటప్పుడు కూడా ఇలాగే చేయండి. వాయించేవాడి మాట ఒక్కటే నమ్మవద్దు, ఇరవై అడుగుల దూరంలో చెవి ఉన్న మనిషిని ఒకరిని నిలబెట్టండి.

క్రిస్టల్ అన్న పేరులోనే ఒక తమాషా ఉంది. రసాయనశాస్త్రంలో స్ఫటికం అంటే అణువులు వరుస తప్పకుండా అమరిన పదార్థం. ఉప్పు స్ఫటికం, పటిక స్ఫటికం. గాజు స్ఫటికం కాదు, దానిలో ఆ వరుస లేదు. సీసపు ఆక్సైడు కలిపిన మెరిసే గాజుకు వ్యాపారులు క్రిస్టల్ అని పేరు పెట్టారు, ఆ పేరే నిలిచింది. గాజు మౌత్‌పీసులు 20వ శతాబ్దం మధ్యలో అమెరికాలో బాగా వాడుకలో ఉండేవి. ఓ'బ్రయన్ అనే పేరు మీద వచ్చినవి పాతకాలపు వాయిద్యగాళ్లకు తెలుసు. ఇటలీ నుండి పోమరికో పేరుతో వచ్చేవి ప్రసిద్ధం.

ఎబొనైటు అంటే రబ్బరే. రబ్బరును గంధకంతో కలిపి వేడి చేస్తే గట్టిపడుతుందని చార్లెస్ గుడియర్ 1839లో కనుగొన్నాడు. గంధకం పాలు బాగా పెంచితే అది నల్లని కొమ్ములాంటి పదార్థమవుతుంది. రాజమండ్రి రత్నం పెన్ను చూసినవారికి ఎబొనైటు అంటే ఏమిటో చెప్పనవసరం లేదు. ప్రపంచంలో ఎక్కువమంది క్లారినెట్టు వాయించేవారి నోట్లో ఉన్నది ఇదే. ప్యారిస్‌లో 1905లో మొదలైన వాండోరెన్ కంపెనీకి పేరు తెచ్చిన మౌత్‌పీసులు కూడా ఎబొనైటువే. దాని బలహీనత ఎండ, వేడినీళ్లు. ఎండలో పడేస్తే గంధకం పైకి తేలి ఆకుపచ్చగా, గోధుమ రంగుగా మారుతుంది, నోట్లో చేదుగా తగులుతుంది. మే నెలలో వ్యాను డ్యాష్‌బోర్డు మీద పెట్టిన మౌత్‌పీసు పని ఇంతే సంగతులు. గాజుకు ఈ బాధ లేదు. ఎన్నేళ్లయినా రంగు మారదు, వంపు మారదు. ఉక్కపోత, సముద్రపు గాలి దాని కొలతలను తాకలేవు. కోడూరు, నాగాయలంక వైపు చెక్క క్లారినెట్ల జాయింట్లు వానాకాలంలో ఉబ్బి ఊడిరాకుండా బిగుసుకుపోతాయి. గాజు మౌత్‌పీసు మాత్రం కొన్న రోజున ఎలా ఉందో అలాగే ఉంటుంది. ఇది దాని అసలైన గొప్ప, నాదం కాదు.

అసలైన గాజేనా అని చూడడం

బజారులో "క్రిస్టల్" అని అమ్మేవాటిలో కొన్ని యాక్రిలిక్ ప్లాస్టిక్కువి. చూపుకు అచ్చం గాజే. ధరలో మాత్రం ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. గాజు ధర ఇచ్చి ప్లాస్టిక్కు తెచ్చుకోకుండా ఉండాలంటే ఆర్కిమిడీసు సూత్రం గుర్తు తెచ్చుకోండి.

బంగారం కొట్టులో వాడేలాంటి చిన్న ఎలక్ట్రానిక్ కాటా దొరికితే చాలు. మౌత్‌పీసును ముందు గాలిలో తూచండి. తరువాత కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేసి, మౌత్‌పీసును దారంతో కట్టి అడుగుకు తగలకుండా నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. అప్పుడు కాటా చూపించే గ్రాములే అది తొలగించిన నీటి బరువు, అంటే దాని ఘనపరిమాణం. ఉదాహరణకు గాలిలో 60 గ్రాములు, నీళ్లలో వేలాడదీసినప్పుడు కాటా 24 చూపితే, 60ని 24తో భాగించగా 2.5 వస్తుంది. మామూలు గాజు సాంద్రత 2.5, సీసం కలిపితే 3 దాకా, ఆపైన కూడా ఉండవచ్చు. యాక్రిలిక్కుది 1.18 మాత్రమే. ఎబొనైటుది కూడా దాదాపు అంతే. అంటే అదే సైజు యాక్రిలిక్కుది 28 గ్రాములకు మించదు. లోపల గాలి బుడగ చిక్కితే లెక్క తప్పుతుంది, కదిలించి వదిలించండి. జాయింటు దగ్గరి కార్కు వల్ల జవాబు కాస్త తగ్గుతుంది, కంగారు పడవద్దు. 2.5కూ 1.2కూ మధ్య కార్కు వల్ల అనుమానం రాదు. తరువాత కార్కు తుడిచి నీడలో ఆరబెట్టండి.

కొట్టువాడు కాటా దాకా రానివ్వకపోతే చెంపకు ఆనించండి. గాజు వేడిని త్వరగా లాగుతుంది కనుక చల్లగా తగులుతుంది. ప్లాస్టిక్కు అలా తగలదు.

తరువాత కొన చూడాలి. ఇక్కడ తొందర పనికిరాదు. బందరు చిలకలపూడిలో రోల్డుగోల్డు నగల పనివారి దగ్గర కంటికి పెట్టుకునే భూతద్దం ఉంటుంది. అలాంటిది అడిగి తీసుకుని కొన అంచు, రెండు పక్క అంచులు ఈ చివర నుండి ఆ చివరకు చూడండి. తరువాత దూది పింజను అంచు మీదుగా మెల్లగా లాగండి. ఎక్కడైనా పోగు తగులుకుంటే అక్కడ పెచ్చు ఊడినట్టే. వేలితో మాత్రం రుద్దవద్దు. సెకండ్ హ్యాండువైతే ఈ పరీక్ష లేకుండా ఒక్క రూపాయి కూడా బయానా ఇవ్వకండి. ఎబొనైటుకు చిన్న గీత పడితే పనితెలిసినవాడు సన్నని కాగితంతో రుద్ది సరిచేస్తాడు. గాజును అలా సరిచేయడానికి వజ్రపు పొడి లాంటి గట్టి సామగ్రి, దానికి తగిన చెయ్యి కావాలి. మన చుట్టుపక్కల అలాంటి పనివాడు మాకు దొరకలేదు. కాబట్టి గాజు మౌత్‌పీసు కొన్ననాడు ఏ వంపుతో ఉందో చివరిదాకా అదే వంపు. నోటికి కుదరకపోతే తిరిగి ఇచ్చేయడమే దారి. మార్చుకునే మాట ముందే ఖాయం చేసుకోండి.

సందు కొలవడానికి మోటారు మెకానిక్కుల దగ్గర ఉండే ఫిల్లర్ గేజి చాలు. స్పార్కు ప్లగ్గు గ్యాపు చూసే ఆ ఉక్కు ఆకులే. మౌత్‌పీసు చదును భాగాన్ని మందపాటి అద్దం ముక్క మీద బోర్లా ఆనించి, కొన కింద ఆకులు ఒకటి మీద ఒకటి వేసి చూడండి. తోసి ఇరికించవద్దు, అక్కడే గాజు పెచ్చు లేస్తుంది. పాత మౌత్‌పీసును కూడా అలాగే కొలిచి రెండు అంకెలూ రాసుకోండి. కొత్తదాని సందు పాతదానికి దగ్గరగా ఉంటే నోరు నాలుగు రోజుల్లో అలవాటు పడుతుంది. చాలా తేడా ఉంటే రీడు నంబరు మార్చాలి. సందు పెద్దదైతే మెత్తని రీడు, చిన్నదైతే గట్టి రీడు. ఊరేగింపులో నాలుగు గంటలు నడుస్తూ వాయించేవారికి పెద్ద సందు, మెత్తని రీడు అయితే గమకాలు పెదవితో లాగడం సులువు, శబ్దమూ గట్టిగా వస్తుంది. కానీ శ్రుతి నిలపడం కష్టం. చర్చిలో కీబోర్డు పక్కన కూర్చుని వాయించేవారికి మధ్యరకం మేలు.

ఊదే ముందు ఇంకొక చిన్న పరీక్ష. మీ సొంత రీడు తడిపి బిగించి, మౌత్‌పీసు వెనుక చివర అరచేత్తో మూసి, నోటితో గాలి లోపలి నుండి లాగి నోటి నుండి తీయండి. రీడు ఒక్క క్షణం అతుక్కుని ఉండి 'టప్'మని విడిపోవాలి. వెంటనే విడిపోతే గాలి కారుతోంది. రీడు మార్చి చూడండి. మూడు రీడ్లతోనూ అలాగే ఉంటే ఆ మౌత్‌పీసు పక్కన పెట్టండి. గాజుదైతే ఒక సౌకర్యం ఉంది: తడి రీడు ఎక్కడ ఆనిందో, ఎక్కడ ఆనలేదో పారదర్శకంగా కనబడుతుంది.

శ్రుతి సంగతి మరచిపోయేవారు ఎక్కువ. లోపలి గది పెద్దదైతే శ్రుతి దిగుతుంది, అందులోనూ పై స్వరాలు ఎక్కువ దిగుతాయి. కనుక కింద 'స' వాయించి, మీట నొక్కి పై 'ప' వాయించి రెండూ కలుస్తున్నాయో లేదో వినండి. రెండూ ఒకేలా దిగితే గొట్టం లోపలికి నెట్టి సరిచేయవచ్చు. ఒకటి దిగి ఒకటి నిలిస్తే సరిచేసే మార్గం లేదు. పరీక్ష చల్లని కొట్టులో చేస్తే ఎండ లెక్క కూడా వేసుకోవాలి. ధ్వని వేగం సున్నా డిగ్రీల దగ్గర 331 మీటర్లు, డిగ్రీకి 0.6 చొప్పున పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర 343, 35 దగ్గర 352. నూటికి రెండున్నర పైన పెరిగింది, అంటే స్వరం అర మెట్టుకు దాదాపు సగం పైకి పోతుంది. గొట్టంలో మన ఊపిరి వెచ్చగా ఉంటుంది కనుక నిజంగా అంత తేడా రాదు. అయినా మధ్యాహ్నం ముహూర్తానికి కీబోర్డుతో కలవడం లేదంటే తప్పు మౌత్‌పీసుది కాకపోవచ్చు. బ్యారెలు కాస్త బయటికి లాగండి.

పాత రీడు బిగించే పట్టీ కొత్తదానికి పట్టకపోవచ్చు, వెంట తీసుకువెళ్లండి. గాజు మీద పళ్లు జారతాయి. పైన పలుచని రబ్బరు ముక్క అంటించుకుంటే జారడం ఆగుతుంది, పళ్లకు ఆ గణగణ కూడా తగ్గుతుంది. అప్పుడు కొందరు "నాదం పోయింది" అంటారు. పైన చెప్పిన మాటకు ఇంతకంటే మంచి రుజువు లేదు.

కడగడంలో గాజే నయం. గోరువెచ్చని నీళ్లు, కాస్త సబ్బు. సలసల కాగే నీళ్లు పోస్తే చల్లటి గాజు పగులుతుంది. మన ఉప్పు బోరు నీళ్లతో కడిగి ఆరబెడితే లోపల తెల్లని పొర కడుతుంది. తాగే నీళ్లతో కడగండి, పొర కట్టినచోట వెనిగర్ తడిపిన దూదితో తుడవండి. ఒకే మౌత్‌పీసుతో అన్నదమ్ములిద్దరు వంతులు వేసి నేర్చుకునే ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. జలుబు, నోటి పుండ్లు ఒకరి నుండి ఒకరికి రాకుండా మధ్యలో కడగాలి. రీడు మాత్రం ఎవరిది వారికే.

ఇక తమ్ముడి ప్రశ్నకు వద్దాం. రోడ్డు మీద వాయించే బ్యాండుకు గాజు మౌత్‌పీసు ఒక్కటే దిక్కుగా పెట్టుకోవడం మాకు సమ్మతం కాదు. కూర్చుని వాయించేవారికి, కచేరీకి, చర్చి పాటలకు, రికార్డింగుకు అది బాగుంటుంది, దశాబ్దాలు మన్నుతుంది. ఊరేగింపుకు ఎబొనైటుదే. అది కూడా ఒకటి కాదు, ఒకే సందు ఉన్నవి రెండు. అదే డబ్బులో రెండు ఎబొనైటువి వచ్చి, ఇంకా రీడ్ల డబ్బాలకు మిగులుతుంది. చీటీ పాడవలసిన పని ఉండదేమో కూడా చూడండి. నాన్నగారికి గాజుదే కావాలని మనసుంటే, ముందు ఎబొనైటుది ఒకటి జేబులో చేరాక కొనండి. మేము ఈ మాట ఉత్తరం రాసి పంపాము. తమ్ముడు ఫోనులో "నాన్న ఒప్పుకోలేదన్నా, గాజుదే అంటున్నారు" అన్నాడు. రెండోసారి ఫోను చేసినప్పుడు ఎబొనైటుది ఒకటి కొన్నారని, గాజుదాని మాట క్రిస్మసు తరువాత చూద్దామన్నారని చెప్పాడు. మిగిలింది వారి ఇంటి సంగతి.

దివిసీమ ఊరేగింపులో విరిగిన ఆ గాజు మౌత్‌పీసును మాలో ఆ ఒకరు వాళ్ల నాన్నగారిని అడిగి తెచ్చి హాస్టలుకు ఇచ్చారు. స్టడీ రూము అలమరలో కింది అరలో, కాటా పక్కన ఉంది. సాంద్రత ప్రయోగం చేయదలచినవారు వార్డెను గారిని అడిగి తీసుకోవచ్చు. కొనకు గుడ్డ చుట్టి దారం కట్టి ఉంచాము, అది విప్పకండి. గుడ్డ బరువు ఎంతో చీటీ మీద రాసి పెట్టాము, లెక్కలో తీసివేయండి.